అలుగు పొలుసు

పోయిన నెలలో నేనూ తమ్ముడూ కారులో చింతలపూడి వైపు ఒక పెళ్ళికి బయల్దేరాం. కామవరపుకోట దాటిన దగ్గర్నుంచి రోడ్డుకి రెండు పక్కలా ఆయిల్‌పామ్ తోటలే. ఎంతసేపు చూసినా ఒకే చెట్టు, ఒకే నీడ. ఒక మలుపులో రేకు బోర్డు కనిపించింది. దాని మీద రంగులతో ఒక జంతువు బొమ్మ వేశారు. ఒళ్ళంతా పొలుసులు, సన్నటి మూతి, ఒంటికి దాదాపు సమానంగా తోక. కింద ‘అలుగును చంపడం నేరం’ అని రాసి ఉంది.

తమ్ముడు కారు ఆపించాడు. దిగి, చెప్పులు విప్పి, ఆ బోర్డుకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. వాడికి అరవై దాటాయి. తాడేపల్లిగూడెంలో ఎరువుల కొట్టు, ఊళ్ళో పెద్దరికం, మనిషి కూడా ఇప్పుడు బాగా ఒళ్ళు చేశాడు.

“చూశావా, చిన్నప్పుడు నా ప్రాణం నిలబెట్టింది ఇదే” అన్నాడు డ్రైవరుతో. “మా అక్కనడుగు. తను కళ్ళారా చూసింది.”

“నిజమాండీ అమ్మగారూ?” అన్నాడు డ్రైవరు కుర్రాడు అద్దంలోంచి నన్ను చూస్తూ.

“పద బాబూ, ముహూర్తానికి వేళవుతోంది” అన్నాను.

ఆ కథ తమ్ముడు చెప్పగా విననివాళ్ళు మా బంధువుల్లో లేరు. ప్రతిసారీ చివర్లో “మా అక్కనడగండి” అంటాడు. ప్రతిసారీ నేను వేరే మాట అందుకుంటాను, లేకపోతే వంటింట్లోకి వెళ్ళిపోతాను. ఆ రోజు కారులో వెళ్ళడానికి వంటిల్లు లేదు.

మా ఊరు గణపవరానికి దగ్గర. అమ్మా నాన్నా ఇద్దరూ బళ్ళో పాఠాలు చెప్పేవాళ్ళు. వానాకాలం వచ్చిందంటే ఊరు చుట్టూ నీళ్ళే. కొల్లేరు పొంగిన ఏడు మా పెరటి గుమ్మం దాకా వచ్చేవి. గోడలకి నడుం ఎత్తున చెమ్మ ఎక్కేది, పెట్టెలో బట్టలకి బూజు పట్టేది. ఇంట్లో ఎప్పుడూ తడి గోనెసంచి వాసన, దాని మీద చేపల పులుసు వాసన. తమ్ముడికి ఉబ్బసం. వాడి గుండెల్లో పిల్లికూతలు వినపడుతుంటే ఇంట్లో ఎవరం నిద్రపోయేవాళ్ళం కాదు. ఏలూరులో డాక్టరు గారు, “ఈ చెమ్మలో వీడు తట్టుకోలేడండి, కొన్నాళ్ళు మెట్టకి పంపండి” అన్నారట. అమ్మమ్మగారి ఊరు మెట్ట మీదే కాబట్టి, పరీక్షలు అవగానే వాణ్ణీ, వాడికి తోడుగా నన్నూ అక్కడికి పంపేశారు. నాకు పదేళ్ళు. వాడికి ఆరు.

మెట్ట అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఎర్రమట్టి. కాళ్ళకి అంటితే రెండు రోజులు వదిలేది కాదు. అమ్మమ్మ ఇంటి వెనక పొగాకు ఆకు కాల్చే బారన్లు రెండు ఉండేవి. కిటికీల్లేని మేడల్లా ఎత్తుగా ఉండేవి. ఎండాకాలం చివరికి వాటిల్లో ఆకు ఉండేది కాదు గానీ, గోడల్లో ఇంకిపోయిన వాసన ఉండేది. బెల్లం పాకం మాడినట్టు, అందులో కాస్త ఘాటు. నేను లోపలికి దూరి అరిస్తే నా అరుపు పైదాకా వెళ్ళి మళ్ళీ నా మీదే పడేది. తమ్ముణ్ణి మాత్రం అమ్మమ్మ అటు పోనిచ్చేది కాదు.

ఆవిడకి కోపం ఎంతో ప్రేమ అంత. జీడిమామిడి తోటలో పచ్చి గింజలు ఏరుకొచ్చి నేను దొంగతనంగా కాల్చుకు తింటే జీడి చిమ్మి మూతి కాలింది. అమ్మమ్మ ముందు వీపు మీద రెండు అంటించి, తర్వాత వెన్న రాస్తూ తనే ఏడ్చింది. “మీ అమ్మకి ఏం సమాధానం చెప్పనే, మొహం ఇలా చేసుకుంటే?” అంది. వారం రోజులు నా పెదాల చుట్టూ నల్లగా మచ్చ. పొద్దున్నే చోడంబలి, పది గంటలకి ముంజెలు, మధ్యాహ్నం ఉలవచారు. తమ్ముడికి ముంజెలు చలవ చేస్తాయని పెట్టేది కాదు. వాడు చూస్తుండగా తినడం కుదరక నేను బారన్ వెనక్కి వెళ్ళి తినేదాన్ని.

అక్కడే నాకు బావుల తాత పరిచయం. ఆయన బావులు తవ్వేవాడు. చుట్టుపక్కల ఊళ్ళల్లో ఎక్కడ నీళ్ళు తాగినా ఆయన తవ్విన బావిలోవే అనేవాళ్ళు. పొట్టి మనిషి, చేతులు మాత్రం మోకాళ్ళ దాకా ఉండేవి. ఆయన కొడుకు ఒక బావి కూలి పోయాడు. కోడలు కూలికి వెళ్ళేది. నాలుగేళ్ళ మనవరాలు ఎప్పుడూ తాత వీపు మీదే. రెండు చేతులూ ఆయన మెడకి చుట్టి, గడ్డం ఆయన భుజం మీద ఆనించి లోకాన్ని చూసేది. దించితే ఏడ్చేది. మాటలు తక్కువ. నా మూతి మీద మచ్చ చూసి వేలు పెట్టి, దెబ్బా అన్నట్టు “అబ్బు?” అని అడిగింది. అదీ నాతో ఆ పిల్ల మొదటి మాట.

ఆ ఎండల్లో అమ్మమ్మ తన బావి పూడిక తీయించింది. నేను గట్టున కూర్చుని ప్రశ్నలు వేస్తుంటే తాత పైకొచ్చినప్పుడల్లా జవాబు చెప్పేవాడు.

“తాతా, నీకంటే లోతుగా ఎవరైనా తవ్వుతారా?”

“ఎందుకు తవ్వరండి అమ్మాయిగారూ. అలుగు తవ్వుతుంది. దానికి పార లేదు, గునపం లేదు. ముందరికాళ్ళ గోళ్ళే. మనం గంటలో తవ్వలేంది అది చుట్ట కాల్చినంతసేపట్లో తవ్వి లోపలికెళ్ళిపోతుంది. పైగా మట్టితో వాకిలి మూసుకుంటుంది.”

అలుగంటే నాకు చెరువు గట్టున మిగులు నీళ్ళు పొర్లి పోయేది ఒక్కటే తెలుసు. ఆయన నవ్వాడు. ఆ పేరుతో జంతువు కూడా ఉందని, దాని ఒళ్ళంతా పొలుసులేనని చెప్పాడు. నేను తమ్ముడికి చెబితే వాడు పడుకునే, “అయితే అది చేపక్కా, కొల్లేట్లోంచి నడిచొచ్చేసింది” అన్నాడు.

తోట అవతల గుట్ట మీద ఒక బొరియ ఉందని తాతకి తెలుసు. నేను నాలుగు రోజులు వేధిస్తే ఒక సాయంత్రం తీసుకెళ్ళాడు. మనవరాలు వీపు మీద, నేను పక్కన. వెలుగు ఇంకా పూర్తిగా పోలేదు. గాలి మా వైపు వీచేలా ఒక బండ చాటున కూర్చోబెట్టాడు. “దానికి కళ్ళు సరిగా ఆనవండి, ముక్కే కళ్ళు. మన వాసన తగిలిందా, ఇంక రాదు” అన్నాడు.

చాలాసేపటికి బొరియ ముందు మట్టి కదిలింది. ముందు మూతి వచ్చింది. తర్వాత ఒక్కొక్క పొలుసే వెలుగులోకి వచ్చింది, ఎండుతాటాకు రంగులో. ముందరికాళ్ళ గోళ్ళు అరిగిపోకుండా లోపలికి మడుచుకుని, మణికట్ల మీద ఆనుకుంటూ నడిచింది. దాని తోక మొదట్లో, బోర్లా పడుకుని, పొలుసుల్ని పట్టుకుని ఒక పిల్ల ఉంది. అంతే, చేతెడు. పొలుసులు ఇంకా లేతగా, పాలిపోయిన గోళ్ళలా ఉన్నాయి.

తల్లి ఒక పుట్టని గోరుతో చీల్చి, మూతి పెట్టింది. లోపల ఏం జరుగుతోందో కనపడలేదు గానీ తాత చెవిలో చెప్పాడు. “పళ్ళు లేవండి దానికి. ఒక్కటీ లేదు. నాలుకే. ఒంట్లో సగం దాకా ఉంటుంది నాలుక. చీమలూ చెదలూ అంటుకుని లోపలికి పోతాయి. ఎవరి కోడినీ పట్టదు, ఎవరి చేనూ తొక్కదు. భయమేస్తే బంతిలా చుట్టుకుంటుంది. పిల్ల ఉంటే పిల్లని లోపల పెట్టుకుని చుట్టుకుంటుంది. ఇంకేం చేతకాదు.”

మనవరాలు ఆయన మెడ వెనకనుంచి వేలు చూపించి, “నేను” అంది. పిల్లని చూపిస్తోందో తల్లిని చూపిస్తోందో తెలియలేదు. తాత వెనక్కి చెయ్యి పెట్టి దాని పాదం నొక్కాడు.

తిరిగొస్తూ దారిలో ఆగి, “అమ్మాయిగారూ, ఈ చోటు ఎవరికీ చెప్పకండేం” అన్నాడు. “చెప్పను” అన్నాను. “దేవుడి మీద ఒట్టా?” అని కూడా అడగలేదు ఆయన. నా మాట చాలనుకున్నాడు.

తొలకరి పడింది. మెట్టన కూడా వాన వాసనకి తమ్ముడి ఆయాసం తిరగబెట్టింది. ఒక తెల్లవారుజామున వాడి కూత విని లేచాను. మంచం పట్టె పట్టుకుని, భుజాలు పైకెత్తి, నోరు తెరుచుకుని కూర్చున్నాడు. పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. అమ్మమ్మ వీపు నిమురుతూ దేవుళ్ళందరికీ మొక్కుతోంది. మావయ్య నాన్నకి టెలిగ్రాం ఇవ్వడానికి సైకిలు మీద కామవరపుకోట వెళ్ళాడు. ఏలూరు తీసుకెళ్దామంటే అమ్మమ్మ ఒప్పుకోలేదు. అంతకుముందు ఏడు ఒక ఇంజెక్షన్‌కి వాడు కళ్ళు తేలేశాడు. అప్పట్నుంచి ఆవిడకి ఇంగ్లీషు మందు పేరెత్తితే వణుకు.

ఆ రోజే పసరు మందులు ఇచ్చే ఆయనొకడు ఊళ్ళోకి వచ్చాడు. తమ్ముడి డొక్క చూసి, చెయ్యి చూసి, “అలుగు మాంసం మూడు పూటలు పెట్టండమ్మా. పొలుసు అరగదీసి తేనెలో నాకించండి. మళ్ళీ జన్మలో ఆయాసం రాదు” అన్నాడు.

“ఇప్పుడెక్కడ దొరుకుతుందయ్యా అలుగు?” అన్నాడు మావయ్య. “నేను చూసి పదేళ్ళయింది. బావులాయనకి తెలిసే ఉంటుంది, కానీ చంపినా చెప్పడు. పైగా ఊళ్ళో లేడు, బావి పనికి పోయాడు.”

అమ్మమ్మ గుమ్మంలో కూలబడి తల కొట్టుకుంది. “నా చేతుల్లో పోతాడ్రా పిల్లాడు. దానికి ఏం మొహం చూపించను?” అంది. దానికి అంటే మా అమ్మకి. లోపల్నుంచి పిల్లికూత వినపడుతూనే ఉంది.

“నాకు తెలుసు” అన్నాను.

అలా అన్నది నేనే. ఎవరూ నన్ను అడగలేదు.

పొద్దెక్కాక మావయ్యా ఇద్దరు పాలేర్లూ పారలూ గునపాలూ తీసుకొచ్చారు. నేను ముందు నడిచి గుట్ట చూపించాను. బొరియ వాకిలి మట్టితో మూసి ఉంది. పగలు అది నిద్రపోతుందని తాత నాకు చెప్పాడు, నేను మావయ్యకి చెప్పాను. మనిషి లోతు తవ్వారు. చివరికి మట్టిలోంచి ఒక బంతి బయటపడింది. బుస్సుమని ఒక చప్పుడు చేసింది, ఏదో కమురు వాసన కొట్టింది, అంతే. కరవలేదు, గీరలేదు. ఇద్దరు మొగాళ్ళు చెరోపక్క పట్టుకుని లాగినా విడలేదు. గోనెసంచిలో వేసుకున్నారు.

పెరట్లో ధాన్యం ఉడకబెట్టే కాగులో నీళ్ళు మరుగుతున్నాయి. పసరు మందాయన అలాగే చెయ్యమన్నాడు. నన్ను లోపలికి పొమ్మన్నారు. నేను బారన్ గోడ పక్కన నిలబడిపోయాను. అది అరుస్తుందనుకున్నాను. అరవలేదు. నీళ్ళలో పడిన చప్పుడే విన్నాను. కొంతసేపటికి బయటికి తీసి పరిస్తే అది విప్పుకుంది. అంతమంది లాగినా విడనిది దానంతట అదే విప్పుకుంది. లోపల పిల్ల ఉంది. పాలేరు ఒకడు, “అయ్యో, చూలుది కాదు, పాలదండి” అన్నాడు. మావయ్య పిల్లని ఆకులో చుట్టి పెంటపోగు వైపు తీసుకెళ్ళాడు.

ఆ కూర ఉడికేటప్పుడు వచ్చిన వాసన గురించి తమ్ముడు ఇప్పటికీ చెబుతాడు. వాడికి గుర్తున్నది మిరియాల వాసన. నాకు గుర్తున్నది వేరు.

మూడు పూటలా వాడికి పెట్టారు. పొలుసు సానమీద అరగదీసి తేనెలో నాకించారు. వాడి ఆయాసం తగ్గలేదు. పెరగలేదు కూడా. మూడో రోజు సాయంత్రం నాన్న వచ్చాడు. దారిలో ఏలూరులో దిగి డాక్టరు గారిని కలిసి మాత్రలు తెచ్చాడు. అమ్మమ్మకి చూపిస్తే గొడవ అవుతుందని, బావి దగ్గరికి నన్ను పిలిచి ఆ పొట్లం నా గౌను జేబులో పెట్టాడు.

“పొద్దున్నొకటి, సాయంత్రం ఒకటి. బెల్లం ముక్కలో నొక్కి మింగించు. మానకూడదు. అమ్మమ్మకి చెప్పకు తల్లీ, పెద్దావిడ బెంగ పెట్టుకుంటుంది. నీ మీదే పెడుతున్నాను” అన్నాడు. సెలవు లేదని మర్నాడు పొద్దున్నే వెళ్ళిపోయాడు.

మానలేదు. బెల్లం దొంగతనం చేశానని అమ్మమ్మ చేత చెంపదెబ్బ తిన్నాను గానీ ఒక్క పూట కూడా మానలేదు. రెండో రోజుకి పిల్లికూత సన్నగిల్లింది. నాలుగో రోజుకి వాడు పడుకుని నిద్రపోయాడు. వారానికి పెరట్లో కోడిపిల్లల వెంట పరిగెత్తాడు. అమ్మమ్మ దిష్టి తీసి, వీధిలోకొచ్చి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పింది. “అలుగమ్మండీ. నా మనవణ్ణి నాకిచ్చింది.”

బావుల తాత పని ముగించుకుని వచ్చేసరికి మా అరుగు మీద చేటలో పొలుసులు ఎండుతున్నాయి. ఆయన ఒకటి చేతిలోకి తీసుకుని చూశాడు.

“ఎక్కడిదండి అమ్మగారూ?”

“గుట్ట మీదదేనయ్యా. మా మనవరాలు చూపించింది. లేకపోతే పిల్లాడు దక్కేవాడా!” అంది అమ్మమ్మ సంతోషంగా.

ఆయన నా వైపు చూశాడు. తిడతాడనుకున్నాను. పొలుసు చేటలో పెట్టేసి, ఆడుకుంటున్న తమ్ముణ్ణి చాలాసేపు చూసి, “పోనీలెండి, బాబు బాగున్నాడు” అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నేను ప్రశ్నలు అడిగితే జవాబు చెప్పేవాడు గానీ, తనంతట తను ఏదీ చెప్పేవాడు కాదు.

ఆ కబురు ఎలా పాకిందో, పల్లపు ఊళ్ళనుంచి కూడా జనం రావడం మొదలుపెట్టారు. దగ్గుతున్న పిల్లల్ని చంకనెత్తుకుని వచ్చేవాళ్ళు. అమ్మమ్మ ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకుండా తలా ఒక పొలుసు ఇచ్చేది. తమ్ముణ్ణి వాళ్ళ ముందు నిలబెట్టేది. ఒక తల్లి వాడి కాళ్ళకి దణ్ణం పెడితే వాడు సిగ్గుపడి నా వెనక దాక్కున్నాడు. పొలుసులు అయిపోయాక జనం తామే గుట్టల మీద పడ్డారు. ఎక్కడ చూసినా తవ్విన గోతులే. మొదట్లో వారానికి ఒకటి దొరికిందనేవారు. తర్వాత ఆ మాటా వినపడలేదు. అలుగు ఏడాదికి ఒక్క పిల్లనే కంటుందని నాకు అప్పుడు తెలియదు.

వానలు తగ్గేదాకా మమ్మల్ని అమ్మమ్మ దగ్గరే ఉంచారు. నేను అక్కడి బళ్ళో చేరి, రోజూ ఆ గుట్ట పక్కనుంచే నడిచి వెళ్ళేదాన్ని. నా దగ్గర మాత్రల పొట్లం ఇంకా సగం ఉంది. వాడికి వేస్తూనే ఉన్నాను. వేసినప్పుడల్లా ఒక ఆలోచన వచ్చేది, దాన్ని తోసేసేదాన్ని. మందువల్లే తగ్గిందనుకుంటే, ఆ బంతి ఊరికే విప్పుకున్నట్టు. ఆ పిల్ల ఊరికే పోయినట్టు. నేను ఊరికే చెప్పినట్టు. అందుకని అలుగే తగ్గించిందని నేనూ అనుకోవడం మొదలుపెట్టాను. అనుకుంటూ ఉంటే నిజంలాగే ఉండేది.

వానలు ముదిరాక ఊళ్ళో పిల్లలకి జ్వరాలు వచ్చాయి. ఒక మధ్యాహ్నం నేను పెరటి గట్టున కూర్చుని ఎక్కాలు రాసుకుంటున్నాను. బావుల తాత వచ్చాడు. వీపు మీద మనవరాలు లేదు. ఆ మనిషిని అలా చూడటం అదే మొదటిసారి.

“పిల్లకి జ్వరమండి. రాత్రినుంచి డొక్కలెగరేస్తోంది” అన్నాడు మావయ్యతో.

మావయ్య వెంటనే లేచాడు. “బండి కట్టిస్తాను. కామవరపుకోటలో బస్సు ఎక్కించేద్దాం, చీకటి పడకుండా ఏలూరు ఆస్పత్రికి చేరిపోతారు. నేనూ వస్తాను పద” అన్నాడు.

ఇంతలో అమ్మమ్మ గుమ్మంలోకి వచ్చింది. “ఆస్పత్రేంటి నీ మొహం. పసిదాన్ని ఆ వానలో తిప్పుతావా? నా దగ్గర ఒక్క పొలుసు దాచి ఉంచాను. మాంసం కూడా పడితే రెండు రోజుల్లో లేచి కూర్చుంటుంది. కళ్ళెదురుగా చూశావుగా మావాణ్ణి?” అంది.

తాత ఇద్దర్నీ చూశాడు. తర్వాత వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు. నా కళ్ళల్లోకి చూశాడు. ఆయన కనురెప్పల మీద కూడా ఎర్రమట్టి ఉండటం నాకు గుర్తు.

“అమ్మాయిగారూ, మీరు రోజంతా బాబు పక్కనే ఉన్నారు కదండి. నిజం చెప్పండి. దాంతోనే తగ్గిందా?”

మాత్రల పొట్లం నా జేబులోనే ఉంది. చెయ్యి దాని మీదే ఉంది. అమ్మమ్మ చూస్తోంది. నాన్న చెప్పొద్దన్నాడు. అవన్నీ నిజమే. ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకున్నవి ఆ రెండు కారణాలే. కానీ అసలుది వేరు. చెబితే, ఆయన ముందు, ఆ గుట్ట మీది చోటు నేను ఎందుకు బయటపెట్టానో దానికి ఇంక అర్థం ఉండదు. అందరిలోకీ ఆయన ముందే ఆ మాట అనలేకపోయాను.

తల ఊపాను.

“సరేనండి” అని లేచాడు. మావయ్యతో, “రెండ్రోజులు చూసి అప్పుడెళ్దాం బాబూ” అన్నాడు. అమ్మమ్మ ఇచ్చిన పొలుసు కళ్ళకద్దుకుని పంచె కొంగున ముడేసుకున్నాడు. తిన్నగా ఇంటికి పోయి పార తీసుకుని గుట్టలెక్కాడు. జన్మలో అలుగు బొరియ మీద పార వెయ్యని మనిషి ఆ వానలో ఆ సాయంత్రమంతా, మర్నాడంతా తవ్వాడు. ఆయనకి తప్ప ఎవరికీ తెలియని బొరియలు ఇంకా రెండు ఉన్నాయట. ఒకటి ఖాళీ. రెండోదాంట్లో దొరికింది.

మాంసం నోట్లో పెడితే పిల్ల మింగలేకపోయిందని కోడలు తర్వాత చెప్పింది. పొలుసు గంధం మాత్రం నాకించారు. మూడో రోజు పొద్దున్న మావయ్య ఎవరి మాటా వినకుండా బండి కట్టి వాళ్ళ వాకిట్లో నిలబెట్టాడు. అప్పటికే అయిపోయింది. వాకిట్లో జనం. తాత గోడకి ఆనుకుని ఆ పిల్లని ఎప్పట్లాగే వీపు మీద వేసుకుని కూర్చున్నాడు. పిల్ల చేతులు ముందుకి వేలాడుతున్నాయి, ఆయన వాటిని తన మెడ చుట్టూ పట్టుకుని ఉన్నాడు. విడదీయడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. నేను అక్కడినుంచి పరిగెత్తుకొచ్చి బారన్‌లో దూరాను.

అమ్మమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. తర్వాత, “దాని ఆయుష్షు అంతేనేమోనే. ఆలస్యం చేశారు, మందు పనిచేసే వేళ దాటిపోయింది” అంది. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆవిడకి తెలిసింది అంతే. పోయేవరకూ ఆవిడ అలాగే నమ్మింది. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

దసరాకి నాన్న వచ్చి మమ్మల్ని తీసుకెళ్ళాడు. తమ్ముడు బుగ్గలు తేరి ఉన్నాడు. నాన్న నన్ను ఎత్తుకుని, “నువ్వు మానకుండా వేశావు కాబట్టే” అని చెవిలో అన్నాడు. ఆ మాటకి నేను వెక్కివెక్కి ఏడిస్తే, ఊరు వదిలి వెళ్తున్నందుకు అనుకున్నాడు. బండి కదిలేటప్పుడు తాత వచ్చాడు. తమ్ముడి తల మీద చెయ్యి పెట్టాడు. నాతో, “బాగా చదువుకోండమ్మా” అన్నాడు. ఆయన నన్ను అమ్మా అనడం అదొక్కసారే. ఆ తర్వాత ఆయన బావి తవ్వలేదని విన్నాను. బోర్లు వచ్చి ఎవరూ తవ్వించలేదని కూడా విన్నాను. ఏది ముందో తెలియదు.

చదువుకున్నాను. సైన్సు టీచరునయ్యాను. ప్రపంచంలో అలుగులు ఎనిమిది జాతులని, నాలుగు మన ఆసియాలో, నాలుగు ఆఫ్రికాలో ఉన్నాయని, పాలిచ్చే జంతువుల్లో పొలుసులున్నవి అవొక్కటేనని పిల్లలకి చెప్పాను. పళ్ళు లేవు కాబట్టి చిన్న చిన్న రాళ్ళు మింగి కడుపులోనే చీమల్ని నూరుకుంటుందని చెప్పాను. పుట్ట తవ్వేటప్పుడు ముక్కూ చెవులూ మూసేసుకుంటుందంటే పిల్లలు తమ ముక్కులు మూసుకుని నవ్వేవాళ్ళు. ఆ పొలుసు దేంతో తయారవుతుందో చెప్పేటప్పుడు మాత్రం బోర్డు వైపు తిరిగేదాన్ని. మన గోరూ, వెంట్రుకా దేంతో అవుతాయో, అదే. వేరే ఏమీ లేదు దాంట్లో. ఆ నాలుగేళ్ళ పిల్లకి ఆఖరి రోజున నాకించింది అరగదీసిన గోరు.

ఏ తుపాకీ ఎదుటైనా, ఏ పార ఎదుటైనా దానికి తెలిసింది చుట్టుకోవడమే. పులి నోటికి ఆ పొలుసు లొంగదట. మనిషి మాత్రం దాన్ని కొబ్బరికాయలా చేత్తో ఎత్తుకుపోతాడు. అమ్మమ్మ ఊళ్ళో ఇప్పుడు పుట్టలు కూడా తక్కువే. తోటల మధ్య మందులు కొడతారు. ఆ గుట్ట మీద కంకర తవ్వేశారు. నేను వెళ్ళి చూశాను, గుట్టే లేదు.

పెళ్ళినుంచి వచ్చిన పది రోజులకి తమ్ముడు ఏలూరు వచ్చాడు. బ్యాంకు పని చూసుకుని, నా దగ్గర భోజనం చేసి, వరండాలో పడక్కుర్చీలో వాలాడు. నేను పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను. ఎందుకు ఆ రోజే అంటే చెప్పలేను. నాకు వయసు అయిపోతోంది, వాడు ఇంకా “మా అక్కనడగండి” అంటూనే ఉన్నాడు.

బెల్లం ముక్కల దగ్గరికి వచ్చేసరికి వాడు లేచి కూర్చున్నాడు. తాత నా ముందు గొంతుక్కూర్చున్న దగ్గర నేను ఆగిపోతే, తొందరపెట్టకుండా అలాగే ఉన్నాడు. మొత్తం విన్నాడు. నన్ను ఓదారుస్తాడని నేను భయపడ్డాను. చిన్నదానివి, నీ తప్పేముందక్కా అంటే నేను భరించలేకపోయేదాన్ని. వాడు అనలేదు.

“ఎంతమందికి చెప్పానక్కా ఆ కథ” అన్నాడు. “మొన్న మా వీధిలో ఒకాయన పిల్లాడికి ఆయాసమంటే, ఆయనకీ చెప్పాను.”

ఫోను తీసి అక్కడికక్కడే ఆయనకి కలిపాడు. “ఏవండీ, నేను చెప్పింది తప్పండి. నాకు తగ్గింది మాత్రల వల్ల. పిల్లాణ్ణి రేపే డాక్టరుకి చూపించండి. లేదండి, వేళాకోళం కాదు” అన్నాడు. ఫోను పెట్టేసి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. నా చేతుల్లా ముడతలు పడిన చేతులు.

“ఆ పిల్ల పేరేంటక్కా?” అన్నాడు.

చెప్పాను. ఇన్నేళ్ళలో ఆ పేరు నేను పైకి పలకలేదు. క్లాసులో ఎవరికైనా ఆ పేరుంటే ఇంటిపేరుతో పిలిచేదాన్ని.

తమ్ముడు దాన్ని మెల్లగా ఒకసారి అన్నాడు, తప్పు పలకకూడదని జాగ్రత్తపడుతున్నట్టు. వాళ్ళ తాత లేడు, తల్లి లేదు, మా అమ్మమ్మా మావయ్యా లేరు. ఆ పేరుతో ఒక పిల్ల ఉండేదని తెలిసినవాళ్ళం ఇప్పుడు ఈ భూమ్మీద మేమిద్దరమే.